ఎర్రదారం కట్టిన కాయ

“ఇంకోసారి చెప్పు” అన్నాడు హెబ్రోను.

“ఎన్నిసార్లు చెప్పేది? ఇప్పటికి మూడుసార్లయింది.”

“నాలుగోసారి చెప్పు రెబెక్కా.”

రెబెక్కమ్మ చేతిలోని చేటను గోడకు ఆనించింది. పొయ్యి మీద సంగటి అడుగంటుతున్న వాసన ఇల్లంతా నిండింది. ముగ్గురికీ ఆ వాసన తెలుస్తూనే ఉంది. ఎవరూ లేచి దించలేదు.

“నిన్న ఆదివారం కోత పండగ. మీరూ, అమ్మాయీ శుక్రవారమే కళ్లడాక్టరు దగ్గరికని నెల్లూరు పోయినారు. శనివారం సాయంత్రం నేను చేలోకి పోయినా. మొదటి పాదులో కాయ పండి ఉండాది. దానికి ఎర్రదారం కట్టి ఉండాది. కోసినా. గుడికి తీసకపొయ్యి ప్రథమ ఫలంగా పెట్టినా. పాస్టరుగారు ప్రార్థన చేసినారు. వేలంలో సంజీవరావన్న పాడుకున్నాడు. ఇందులో దొంగతనం ఏముండాది? మన చేను, మన కాయ, దేవుడి పాలు.”

హెబ్రోను చేతిలో కత్తితో తెగ్గోసిన పుచ్చకాయ తొడిమ ఉంది. నిన్న సాయంత్రం నెల్లూరు నుంచి వచ్చినవాడు, ఈరోజు తెల్లవారగానే చేలోకి వెళ్లాడు. వెళ్లి ఏం చూశాడో గానీ, తీగ వెంట తడుముకుంటూ పోయి ఆ తొడిమ పట్టుకుని వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ దాన్ని కింద పెట్టలేదు.

“ఆ దారం ఎవరు కట్టినారనుకున్నావు?”

“మీరే.”

“ఎందుకు కట్టినాననుకున్నావు?”

రెబెక్కమ్మ ఆ తొడిమ వైపు చూసింది. ఆ ఊళ్లో మొదటి కాపును దేవుడికి అనుకున్న ప్రతి ఇంట్లోనూ కాయకు ఒక దారమో గుడ్డపేలికో కడతారు. పిల్లలు చెయ్యి పెట్టకుండా, మొగవాళ్లు మరిచిపోయి కోసుకు తినకుండా అదొక ఆనవాలు. పదేళ్లుగా ఈ ఇంట్లో ఆ దారం కట్టేది తనే. కట్టేది తనే, కోసేది తనే, నెత్తిన పెట్టుకుని చర్చికి మోసేదీ తనే. హెబ్రోను ఎన్నడూ వద్దనలేదు. ఎన్నడూ ఒక చెయ్యి వెయ్యనూ లేదు. మిషన్ బడిలో ఇరవై ఆరేళ్లు సైన్సు చెప్పిన మనిషి ఆయన. చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, ప్రసంగం సాగినంతసేపూ కిటికీలోంచి చెట్లను చూసే మనిషి. అలాంటిది ఈసారి తను కట్టకముందే కాయకు దారం కనిపించింది. అదీ తన కుట్టుపెట్టెలోని ఎర్రదారం.

“మీకు దేవుడు గుర్తొచ్చినాడనుకున్నా” అంది. “పదకొండేళ్లకి.”

శనివారం సాయంత్రం ఆ ఇసుకలో మోకాళ్లూని తను ఎంత ఏడ్చిందో, ఆ ఏడుపులో ఎంత సంతోషం ఉందో చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. హెబ్రోను తొడిమను నేల మీద పెట్టబోయాడు. పెట్టేముందు నేల ఎక్కడుందో వేళ్లతో వెతుక్కున్నాడు. నెల్లూరులో డాక్టరు ఏం చెప్పాడో ఆయన చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఆ ఇంట్లో చాలా సంగతులు అలాగే ఉండిపోతాయి.

“కరుణా, మీ అమ్మకి నువ్వే చెప్పు. నా వల్ల కాదు” అని లేచాడు. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

కరుణాకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. టీచరు ట్రైనింగు ముగించుకుని వచ్చి, ఉద్యోగం కాగితం కోసం ఎదురుచూస్తూ తండ్రికి కళ్లయి తిరుగుతోంది. ముందు వెళ్లి సంగటి కుండ దించింది. తరవాత వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

“ఆ దారం నేను కట్టినానమ్మా.”

“నువ్వా?”

“జనవరిలో ఒకరోజు నాన్న, నేను తెల్లారగట్లే చేలోకి పోయినాం. మంచు పడతా ఉండాది, తలకి గుడ్డ కట్టుకోమని నువ్వు అరిచినావు. గుర్తుండాదా?”

“ఆ. కట్టుకోకుండానే పోయినావు.”

“మిషన్ తోట దొర సీమకి పోయేముందు నాన్నకి ఏడు గింజలు ఇచ్చినాడు. చిన్నగింజ పుచ్చవి. గింజ వడ్లగింజంతే ఉంటది. ఏడింట్లో మొలిచింది మూడు, బతికింది ఒకటి. మనూరి పుచ్చ తీపే గానీ గింజ బొటనేలి గోరంత గదా. ఆ చిన్నగింజ తీగ మగపువ్వు కోసి, మన తీగ ఆడపువ్వుకి అద్దినాం. నాన్నకి పువ్వులో ఏముండాదో కనపడలా. ఆయన చెప్తా ఉంటే నేను అద్దినా. తేనెటీగ వాలకుండా ముందు రోజే మొగ్గలకి గుడ్డలు తొడిగినాం. పద్నాలుగు పూలకి అద్దితే ఒక్కటంటే ఒక్కటి పిందె నిలిచింది. కలిసిపోకుండా దానికి దారం కట్టినా.”

“ఆ చిన్నగింజ తీగ ఉండాది గదా. మళ్లా అద్దుకోండి. ఒక కాయకి ఇంత గోలా?”

“అది ఎండిపోయి నెల దాటిందమ్మా. ఒక్క కాయ కూడా కాయకుండానే ఎండిపోయినాది. దాని వంశం అంతా ఆ దారం కట్టిన కాయలోనే ఉండాది.”

“ఇదంతా నాకు ఒక్క మాట చెప్తే ఏం పోయిందే మీకు?”

“నాన్న వద్దన్నాడు.”

“ఎందుకు వద్దన్నాడు? అసలు గింజ చిన్నదయితే ఎవరికి...”

రెబెక్కమ్మ ఆగిపోయింది. ఆ ప్రశ్న సగం నోట్లో ఉండగానే జవాబు వచ్చేసింది. గింజ చిన్నదయితే ఎవరికి మేలో ఈ లోకంలో తెలియాల్సిన వాళ్లలో మొదటి మనిషి తనే. తన మూడేళ్ల కొడుకు తిమోతి గొంతులో అడ్డుపడిన పుచ్చగింజను ఆ సాయంత్రం హెబ్రోను తన వేళ్లతో తీయబోయాడు. తియ్యలేకపోయాడు. ఒంటెద్దు బండిలో వాకాడు ఆసుపత్రి దాకా తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ తరవాత ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదు. పుచ్చకాయ పండించడం మానలేదు, తినడం మాత్రం మానేశారు. హెబ్రోను అంత పట్టుగా ఆ ఇసుక చేలో ఏం చేస్తున్నాడో ఆమె ఒక్కనాడూ ఆరా తీయలేదు. మగవాడి దిగులు చేను మీద పడింది, పోనీలే అనుకుంది.

“నాన్న నోటుపుస్తకం ఎప్పుడైనా తెరిచినావా అమ్మా? మొదటి పేజీలో ఒక్క మాట రాసుంటది. ‘తప్పు గింజది’ అని. తేదీ కూడా లేదు. ఆ తరవాతంతా లెక్కలు, పూల బొమ్మలు.”

రెబెక్కమ్మ కొంగు నడుంకు చుట్టుకుని లేచింది.

“లెయ్యి. మీ నాన్నని పిలువు. సంజీవరావన్న ఇంటికి పోదాం. కాయ నిన్ననే గదా తీసకపొయ్యింది. ఇంకా కోసి ఉండరు.”

ఆ మాట తనకే గట్టిగా వినిపించాలన్నట్టు బిగ్గరగా అంది.

కాలువ కట్ట మీద ముగ్గురూ నడిచారు. బకింగ్‌హాం కాలువలో ఉప్పు పడవ ఒకటి మెల్లగా దక్షిణానికి పోతోంది. హెబ్రోను కూతురి భుజం మీద చెయ్యి వేసి ముందు నడుస్తున్నాడు. రెబెక్కమ్మ నాలుగడుగులు వెనక నడుస్తోంది. ఏమండీ అని పిలిచి, నాకు తెలియదండీ అని ఒక్క మాట చెబితే బాగుండునని దారి పొడుగునా అనిపించింది. కానీ అలా చెబితే, మరి నీకేం తెలుసని ఏటా మోస్తున్నావు అని ఆయన అడుగుతాడు. దానికి జవాబు ఆమె పదకొండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. పాస్టరుగారికి కూడా చెప్పలేదు.

సంజీవరావు సంఘపెద్ద. వడ్లకొట్టు ఉంది, పెద్ద అరుగు ఉంది, దాని మీద కూర్చుని మాట్లాడటానికి తీరిక కూడా బోలెడుంది. ఆయన మంచివాడే. ఎదుటివాడిని కూడా ఒక మాట మాట్లాడనిస్తే ఇంకా మంచివాడయ్యేవాడు.

“రండి రండి అయ్యోరూ! నేనే వద్దామనుకుంటా ఉండా. ఏం కాయండీ అది! నెత్తురు మాదిరి ఎరుపు, చక్కెర మాదిరి తీపి. నిన్న మధ్యాన్నం భోజనం కాంగానే కోసినాం. మా మనవలు తొక్క కూడా వదల్లేదు. ఈ ఏడు వేలంలో ఎనిమిది కాయలు వచ్చినాయి. మీ కాయ ముందర అన్నీ దిగదుడుపే.”

హెబ్రోను కూతురి భుజం మీద చెయ్యి తీయలేదు. ఆ చెయ్యి ఎలా బిగుసుకుందో రెబెక్కమ్మ వెనక నుంచి చూసింది.

“గింజలు?” అన్నాడు.

“గింజలేంది అయ్యోరూ?”

“గింజలు ఏం చేసినారన్నా?” రెబెక్కమ్మ ముందుకు వచ్చింది. “పారబోసినారా? ఏ దిబ్బలో?”

లోపల నుంచి సంజీవరావు భార్య ఎలిశబెతమ్మ వచ్చింది. చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

“గింజలు ఎవరు పారేస్తారు వదినా? చేపలమ్మే మస్తానమ్మ ఎత్తకపోయినాది. కోత పండగ నాడు వేలం పాడుకున్న ఇళ్లన్నీ తిరుగుతది గదా ఆమె. చేపలిచ్చి, బదులుగా గింజలు అడగతది. వేయించి సూళ్లూరుపేట టేషన్లో అమ్మిస్తది. నిన్న దీపాలు పెట్టేలోపే వచ్చి గిన్నెలో ఉన్నవన్నీ పోసుకుని పోయినాది.”

ఎలిశబెతమ్మకు ఆ ముగ్గురి మొహాలూ చూసి ఏదో పొరపాటు జరిగిందని అర్థమైంది గానీ, ఏ పొరపాటో అంతుపట్టలేదు.

“విత్తనానికా వదినా? అంతేనా! దానికి ఇంత దిగులా? మా ఇంట్లో డబ్బా నిండా ఉండాయి.”

లోపలికి వెళ్లి రేకు డబ్బా తెచ్చింది. మూత తీసి గుప్పెడు గింజలు హెబ్రోను చేతిలో పోసింది.

“మీ కాయలో గింజా ఇదే, మా కాయలో గింజా ఇదే. అదే నలుపు, అదే సైజు. పక్కపక్కన పెడితే ఆ దేవుడు కూడా గుర్తుపట్టలేడు.”

“అవునమ్మా” అన్నాడు హెబ్రోను. “పట్టలేడు.”

ఆ గింజలను వేళ్లతో ఒకసారి నలిపి చూసి, జాగ్రత్తగా డబ్బాలోకి జారవిడిచాడు. కరుణాకుమారి మొహం తిప్పుకుంది.

“మీ ఇంటి మొదటి కాయ నేను పాడుకోవడం ఇది రెండోసారి వదినా” అన్నాడు సంజీవరావు. నిశ్శబ్దం ఆయన ఒంటికి పడదు. “మొదటిసారి మన అయ్యోరే వచ్చినాడు, భుజాన...”

ఎలిశబెతమ్మ గట్టిగా దగ్గింది. సంజీవరావు చటుక్కున నాలిక కరుచుకున్నాడు.

“ఏందో, ముసలితనం. ఏ ఏడు ఏం జరిగినాదో అన్నీ కలిసిపోతా ఉండాయి” అని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అయ్యోరు ఏనాడు మోశాడు కనక, మోసింది నేను గదా అనుకుంది రెబెక్కమ్మ. పెద్దాయన మతిమరుపు మీద ఆలోచన నిలపడానికి అప్పుడు తీరిక లేదు. మస్తానమ్మ ఇల్లు అక్కడికి ఇంకా మైలు దూరం.

పట్టపుపాలెం కాలువకూ ఉప్పు పండించే కయ్యలకూ మధ్య ఉంది. పాతిక గుడిసెలు, దండేల మీద వలలు, ఇసుక మీద ఎండే చేపలు. మొన్న ఎలక్షన్లకు కట్టిన కాగితం జెండాలు ఇంకా తాళ్లకు వేలాడుతున్నాయి. మస్తానమ్మ గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మండుతోంది. పొయ్యి మీద పెద్ద మూకుడు, అందులో ఇసుక కాగుతోంది. పక్కన చాప. చాప నిండా గింజలు.

రెబెక్కమ్మ చూసింది. అన్నీ నల్లగా ఉన్నాయి, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఎండకు నిగనిగలాడుతున్నాయి.

“అయ్యోరమ్మా! మీరేంది ఇంత దూరం?” మస్తానమ్మ కంగారుగా లేచి పీట వాల్చింది. యాభై ఏళ్ల మనిషి, చేతులకు ఎప్పుడూ చేపపొలుసు అంటుకుని ఉంటుంది. “అయ్యోరు కూడానా? కూసోండి సామీ.”

“మస్తానమ్మా, సంజీవరావన్న ఇంట్లో తెచ్చిన గింజలు యాడ పెట్టినావు?”

“ఇయ్యే గదమ్మా.”

“ఇవన్నీ ఆ ఇంటివేనా?”

“ఆ ఇంటియ్యి, పాస్టరుగారి ఇంటియ్యి, ఇంకా ఆరిళ్లవి. అన్నీ ఒక్కసారే కడిగి ఆరబోసినా. గింజకి గింజకి తేడా ఏముంటది? పొద్దన ఒక చేటెడు వేయించి మా మరిదికిచ్చినా. పడవలో పోయినాడు.”

హెబ్రోను పీట మీద కూర్చోలేదు. చాప పక్కన ఇసుకలో కూర్చున్నాడు. రెండు చేతులూ గింజల్లోకి పోనిచ్చాడు. కాసేపు అలాగే ఉంచాడు, ఏమీ వెతకలేదు.

రెబెక్కమ్మకు మాత్రం ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. పోనీ, ఇక్కడే ఉన్నాయి గదా. సగమైనా ఉంటాయి గదా. చాప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కొంగు పరిచింది.

“రావే కరుణా. ముగ్గురం కూర్చుంటే మధ్యాన్నానికి అయిపోతది. చిన్నవి ఏరడమే గదా. వడ్లగింజంత ఉంటాయన్నావు. మీరు చేత్తో తడిమి చెప్పండి, మేం ఏరతాం.”

“చిన్నవి ఉండవమ్మా” అంది కరుణ. చెంపల మీద నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

“ఎందుకుండవు? చిన్నగింజ దాని పువ్వే గదా అద్దినావు?”

“రెబెక్కా” అన్నాడు హెబ్రోను. పొద్దుటి నుంచీ ఇంత నెమ్మదిగా మాట్లాడటం ఇదే మొదటిసారి. బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇలాగే ఉండేది. “గింజ పైన పెంకు తల్లిది. లోపలుండే బిడ్డే ఇద్దరిదీ. తల్లి తన కోకలో చుట్టి ఎత్తుకున్న బిడ్డ తండ్రి పోలికో కాదో బయటికి ఎట్టా తెలస్తది? మన తీగ పెద్దగింజది. అది కన్న గింజలన్నిటికీ అదే పెద్ద పెంకు తొడుగుతది. ఈ చాపలో మన గింజలుంటే అవీ ఇట్నే ఉంటాయి.”

“అయితే నాటితే తెలస్తది.”

“నాటితే వచ్చే తీగకి కాసే కాయలోనూ పెద్దగింజే ఉంటది. రెండు గుణాలు ఒక చోట పడితే పెద్దది చిన్నదాన్ని అణిచి పెడతది. కాయ పైన తొక్క చూసి చెబుదామంటే రెంటికీ ఒకటే పచ్చ. ఆ కాయ గింజ మళ్లా నాటాల. అప్పుడు నాలుగు తీగల్లో ఒకదాంట్లో చిన్నగింజ బయటికొస్తది. పోయిందనుకున్నది...”

ఉప్పుగాలికి పొయ్యిలో మంట ఒకసారి వంగి లేచింది.

“పోయిందనుకున్నది మళ్లా వస్తది. చావదు. లోపల దాక్కుని ఉంటది. ఇన్నేళ్లూ అది చూద్దామనే రెబెక్కా.”

“అయితే అన్నీ నాటుదాం.”

“యాడ? మన చేలో పట్టేది అరవై పాదులు. దొరువు గుంటలో ఊరే నీళ్లు అంతకే చాలవు. ఈడ నాలుగైదు వేల గింజలుండాయి. మనవి ఏ మూడొందలో. అయ్యన్నా పొద్దటి చేటలో పోకపోతే.”

“కరుణ ఉండాది గదా. ఒక ఏడు కాకపోతే ఇంకో ఏడు.”

“పిల్లకి రేపో మాపో ఉద్యోగం వస్తది. పోతది. పోవాల.” చేతులు గింజల్లోంచి తీసి దులుపుకున్నాడు. “నా సంగతి డాక్టరు చెప్పేసినాడు. కంటినరం ఎండిపోయినాదంట. మందుకీ కత్తికీ లొంగేది కాదంట. వచ్చే ఏటికి నాకు పగలూ రాత్రీ ఒకటే.”

అడగాల్సిన మాట రెబెక్కమ్మ నిన్న సాయంత్రం అడగలేదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, కోత పండగ ఎంత బాగా జరిగిందో చెప్పింది. ఆయన విన్నాడు. కళ్లు పోతున్నాయని తెలిసి వచ్చిన మనిషి, ఏ కాయ ఇచ్చావని అడక్కుండా, పండగ ముచ్చట్లు విన్నాడు.

“వేయించుకో మస్తానమ్మా” అన్నాడు హెబ్రోను. “నీ ఇసక కాగిపోతా ఉండాది.”

“వద్దు!” రెబెక్కమ్మ రెండు చేతులూ చాప మీద అడ్డం పెట్టింది. “వద్దు. నన్ను తిట్టండి. కొట్టండి. అట్టా మాత్రం అనబాకండి.”

“నిన్ను తిట్టి ఏం లాభం?”

“నేను పొగరుతో చెయ్యలేదండీ. నాకు భయం. పదకొండేళ్లుగా నాకు భయం. ఆ ఏడు మనం దేవుడికి ఇవ్వకుండా తిన్నాం. నేను చిట్టమూరు నుంచి వచ్చేతలికి మీరు కాయ కోసి పళ్లెంలో పెట్టి ఉండారు. మొదటి పాదులో తొడిమ తెగి ఉండాది, నేను నా కళ్లతో చూసినా. దేవుడి పాలు మనం నోట్లో పెట్టుకున్నాం. అందుకే వాణ్ణి తీసుకున్నాడు. నా తిమోతిని.”

ఆ పేరు వినగానే కరుణ తలెత్తింది. ఈ ఇంట్లో తమ్ముడి పేరు తల్లి నోట వినడం వాడు పోయిన తరవాత ఆ పిల్లకు ఇదే మొదలు.

“అప్పటి నుంచీ ఏటా మోసినా. ఒక్క ఏడు మరిచిపోతే కరుణని కూడా అడగతాడేమోనని మోసినా. వానొచ్చినా, జొరమొచ్చినా మోసినా. మీకు చెప్పలేదు. చెప్తే, పిల్లోణ్ణి మీరే చంపినారని అన్నట్టవుతదని చెప్పలేదు. నా కడుపులోనే పెట్టుకున్నా.”

రెబెక్కమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. మస్తానమ్మ తన చేతిలోని గరిటెను మెల్లగా కింద పెట్టింది. ఎటు చూస్తున్నాడో తెలియని హెబ్రోను కళ్లు సముద్రం వైపు తిరిగి ఉన్నాయి.

“రెబెక్కా” అన్నాడు. “ఆ ఏడు మొదటి కాయ గుడికి ఇచ్చినాను.”

“ఏందీ?”

“మీ అమ్మకి జొరమని నువ్వు చిట్టమూరులో ఉండావు. ఆదివారం నేనే తీసకపోయినా. కాయ సంకలో పెట్టుకుని, వాణ్ణి భుజాన ఎక్కించుకుని పోయినా. వాడు దారంతా నా జుట్టు పట్టుకుని పాటలు పాడినాడు. సంజీవరావే పాడుకున్నాడు ఆ కాయ. నువ్వు వచ్చింది మంగళారం. పళ్లెంలో ఉండింది రెండో కాయ.”

రెబెక్కమ్మ ఏడుపు ఆగిపోయింది. మొదటిసారి మన అయ్యోరే వచ్చినాడు, భుజాన... ఎలిశబెతమ్మ దగ్గు. సంజీవరావు కరుచుకున్న నాలిక.

“ఎందుకు చెప్పలేదండీ?”

“నువ్వు అడగలేదు. నీకు తెలుసనుకున్నా.”

అంతే. అంత చిన్న మాట. అడగలేదు, చెప్పలేదు. పదకొండేళ్లు ఒకే కంచం దగ్గర కూర్చుని, ఒకే చాప మీద పడుకుని.

దేవుడు కోపగించుకోలేదు. దేవుడికి ఇవ్వాల్సింది ముందే ఇచ్చారు. అయితే మరి ఎందుకు? ఆ ఎందుకు అన్నది ఇన్నేళ్లూ దేవుడి కోపం చాటున ఉంది కాబట్టి తను అటు చూడకుండా బతికింది. ఇప్పుడు చాటు పోయింది. ఆ మంగళవారం సాయంత్రం తన కళ్ల ముందుకు వచ్చి నిలబడింది.

చిట్టమూరు నుంచి వచ్చిన ఒంటెద్దు బండి ఇంటి ముందు ఆగింది. పది రోజులుగా బిడ్డను చూడలేదు. బండి దిగీ దిగకముందే వాకిట్లోంచి గట్టిగా కేక వేసింది, “తిమోతీ! ఎవరొచ్చినారో చూడరా!” అని. అరుగు మీద తండ్రి పక్కన కూర్చుని పుచ్చముక్క తింటున్న పిల్లవాడు ఆ గొంతు విన్నాడు. నోటినిండా ముక్కతో, నవ్వుతూ, అమ్మా అని అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. సగం దూరంలో ఆగిపోయాడు.

అరుగు మీద హెబ్రోను ఉన్నాడు. పిలిచిన కేక విన్నాడు. పరిగెత్తిన పిల్లవాణ్ణి చూశాడు. చూసి, బిడ్డను పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చి, ఒక కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో రాశాడు. తప్పు గింజది.

ఆయన ఆ మాట ఎవరి కోసం రాశాడో, ఎవరి కోసం పదకొండేళ్లు ఎండలో ఆ పూల మీద వంగి కళ్లు పోగొట్టుకున్నాడో రెబెక్కమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ కాయనే తను సంతోషంగా నెత్తిన పెట్టుకుని మోసుకుపోయింది.

“వాణ్ణి పిలిచింది ఎవరో మీకు గుర్తుండాదా?” అని అడిగింది. గుసగుస కన్నా చిన్న గొంతు అది.

ఆయనకు వినిపించిందో లేదో. వినిపించే ఉంటుంది. చూపు తగ్గినప్పటి నుంచి ఆయనకు చెవులు మహా చురుకు.

“పొద్దెక్కింది. పదమ్మా” అన్నాడు హెబ్రోను. ఆ మాట భార్యతో కాదు. కూతురి భుజం కోసం గాలిలో చెయ్యి చాచాడు. కరుణ లేచి ఆ చేతి కింద నిలబడింది. తల్లి వైపు ఒకసారి చూసింది, తండ్రి వైపు చూసింది. ఇద్దరూ కట్ట మీదికి నడిచారు. హెబ్రోను వెనక్కి తిరగలేదు.

రెబెక్కమ్మ లేవలేదు. చాప మీద నుంచి ఒక గింజను తీసి అరచేతిలో పెట్టుకుంది. పదకొండేళ్లలో పుచ్చగింజను చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. నల్లగా, నున్నగా, బొటనవేలి గోరంత ఉంది. తమదేనో, పాస్టరుగారి ఇంటిదో, లోపల ఎవరి బిడ్డ ఉన్నాడో.

“అయ్యోరమ్మా” అంది మస్తానమ్మ. ఇబ్బందిగా పొయ్యి వైపు చూసింది. “మా మరిది మధ్యాన్నం పడవకి మళ్లా వస్తాడు. అయ్యోరేమో వేయించుకోమన్నాడు. మీరేమో వద్దంటా ఉండారు. పొయ్యనా, వద్దా?”

రెబెక్కమ్మ నోరు తెరిచింది. వద్దంటే ఈ గింజలను ఏం చెయ్యాలో తెలియదు. సరేనంటే ఏమవుతుందో తెలుసు. కట్ట మీద ఆ ఇద్దరూ చిన్నగా కనిపిస్తున్నారు. వాళ్లలో ఎవరూ ఆమెను పిలవలేదు.

మస్తానమ్మ కాసేపు చూసింది. జవాబు రాకపోయేసరికి, చేట తీసుకుని చాప అంచు నుంచి గింజలు ఎత్తడం మొదలుపెట్టింది.